తొమ్మిదో తరగతిలో ఆట మాన్పించే ముందు



అమలాపురంలో షటిల్ బ్యాట్ పట్టిన పిల్లలున్న ఏ ఇంట్లోనైనా సాత్విక్ పేరు వినిపిస్తుంది. రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ మన ఊరి అబ్బాయి, 2000 ఆగస్టు 13న పుట్టాడు, దాదాపు నా ఈడువాడు. ముంబైకి చెందిన చిరాగ్ శెట్టితో కలిసి 2022 కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత బ్యాడ్మింటన్‌కు మొట్టమొదటి బంగారు పతకం తెచ్చాడు. ఆ వెంటనే వాళ్ళ జోడీ ప్రపంచ నంబర్ వన్ అయింది. ఇదంతా మీకు తెలిసిన సంగతే. కానీ ఈ పేరు వల్ల ఒక చిక్కు కూడా వచ్చిపడింది. పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక, లేవబోతూ చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "మావాడికి ఆటలో ఫ్యూచర్ ఉందంటారా మేడమ్?"

నేను ఇంగ్లీషు టీచర్ని. అయినా నన్నే అడుగుతారు. ఎందుకంటే క్లాస్ టీచర్ని కాబట్టి, ఆ ప్రశ్న వెనక అసలు ప్రశ్న చదువు గురించి కాబట్టి. ఎనిమిది పూర్తయి తొమ్మిదిలోకి వచ్చేసరికి ఫౌండేషన్ క్లాసులు మొదలవుతాయి, సాయంత్రం స్టడీ అవర్లు పెరుగుతాయి. ఆట ఉంచాలా, తీసేయాలా? ఇంట్లో ఆ నిర్ణయం ఏదో ఒక ఆదివారం సాయంత్రం అయిపోతుంది. జిల్లా టోర్నమెంటులో కప్పు వస్తే "వీడు ఇంకో సాత్విక్" అంటారు. మొదటి రౌండ్‌లో ఓడిపోతే "ఇక చాలు, పుస్తకం పట్టుకో" అంటారు. రెండు ఇళ్ళలోనూ కొలబద్ద ఒకటే, ఆ కప్పు. ఆ వయసులో ఆ కొలబద్ద పనికిరాదని నా అభిప్రాయం. అంతకంటే ముఖ్యంగా, ఆ నిర్ణయానికి తొమ్మిదో తరగతి సరైన సమయం కాదు.

ముందు వేగం సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే మగపిల్లల తండ్రులు ఎక్కువగా దాని గురించే మాట్లాడతారు. "ఎంత గట్టిగా కొడతాడో చూశారా", "వీడి బంతి కీపర్‌కి కూడా కనపడదు". సాత్విక్ 2023 ఏప్రిల్‌లో జపాన్‌లోని యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్నాజియంలో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్లు. గిన్నిస్ రికార్డు. అంతకుముందు పదేళ్ళపాటు ఆ రికార్డు మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరు మీద 493 దగ్గర ఉంది. అయితే ఆ 565 ఒక పరీక్షలో వచ్చిన అంకె. అటు నుంచి తిరిగి కొట్టేవాడు లేడు, స్కోరు లేదు, కాళ్ళు అలిసిపోలేదు. అంత స్మాష్ ఉన్న జోడీ కూడా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ దగ్గరే ఆగిపోయింది.

వేగం ఒక్కటే చూసి మనుషుల్ని ఎంపిక చేస్తే ఏమవుతుందో మన దేశంలోనే ఒకసారి జరిగి చూపించింది. 2008లో ఒక అమెరికన్ ఏజెంటు ఇండియాకు వచ్చి, బేస్‌బాల్ బంతిని ఎవరు వేగంగా, గురి తప్పకుండా విసురుతారా అని టీవీ పోటీ పెట్టాడు. బేస్‌బాల్‌లో పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే, కాకపోతే బంతి నేలకు తగలకుండా బ్యాటర్ మీదికి విసురుతాడు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఈటె విసిరే కుర్రాళ్ళు ఆ పోటీలో నెగ్గారు. రింకూ బంతి గంటకు 87 మైళ్ళు, అంటే సుమారు 140 కిలోమీటర్లు. అంతకుముందు వాళ్ళు ఆ ఆట ఆడనే లేదు. ఆ ఏడాది చివర్లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. వాళ్ళ కథ మీద హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. కానీ ఇద్దరిలో ఎవరూ అక్కడి మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆ భుజబలం వాళ్ళకు తలుపు తీసింది, అంతే. ఆ తలుపు లోపల ఉన్న ఆటను అమెరికా పిల్లలు అయిదారేళ్ళ వయసు నుంచి ఆడుతున్నారు. (రింకూ తర్వాత కుస్తీ వైపు వెళ్ళి డబ్ల్యూడబ్ల్యూఈలో పేరు తెచ్చుకున్నాడు. అదీ బలంతోనే.)

అక్కడి హైస్కూల్ పిచర్‌ని కాలేజీ కోచ్ ఎలా చూస్తాడో తెలుసుకుంటే మనకు పనికొస్తుంది. అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలు కొందరు ఆ దారిలోనే ఉన్నారు కూడా. స్పీడ్ గన్‌తో వేగం కొలుస్తారు, నిజమే. కానీ దానితో ఆగరు. పది బంతులు వేస్తే ఎన్ని అనుకున్న చోట పడుతున్నాయి? వేగవంతమైన బంతి కాకుండా రెండో బంతి, అంటే అదే చేతి ఊపుతో నెమ్మదిగా వచ్చే బంతి, వేయగలడా? మొదటి ఇన్నింగ్స్‌లో ఉన్న వేగం ఆఖర్న కూడా ఉందా? దెబ్బ తిన్న తర్వాతి బంతి ఎలా వేస్తున్నాడు? వీటన్నిటితో పాటు మార్కులు. అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్యమైన కోర్సులు పూర్తిచేసి, వాటిలో కనీసం 2.3 గ్రేడ్ సగటు తెచ్చుకోవాలి. ఎంత వేగంగా విసిరినా ఆ గీత దాటక తప్పదు.

ఈ చూపుని మన కొబ్బరితోటల మధ్య టెన్నిస్ బాల్‌తో ఫాస్ట్ బౌలింగ్ చేసే కుర్రాడి మీద పెట్టి చూడండి. ఆదివారం ఒక పెద్ద కాగితం మీద ఓవర్‌కి ఆరు గళ్ళు గీసి, ప్రతి బంతి ఎక్కడ పడిందో చుక్క పెట్టండి. నాలుగు వారాల తర్వాత ఆ చుక్కలు దగ్గరపడుతున్నాయా? అదే నిజమైన ప్రోగ్రెస్ కార్డు. షటిల్ ఆడే పిల్లకైతే సర్వీసు ఎన్నిసార్లు నెట్‌కు తగిలింది, మూడో గేమ్‌లో కాలు ఎంత చురుగ్గా కదిలింది అని చూడొచ్చు. ఇది చూడటానికి మీరు ఆటగాళ్ళు కానక్కర్లేదు, లెక్క రాస్తే చాలు.

ఇక అసలు చిక్కు ఎదుగుదల దగ్గర ఉంది. తొమ్మిదో తరగతి గదిలోకి ఒకసారి తొంగిచూడండి. ఒకడికి మీసం వచ్చి గొంతు మారిపోయి ఉంటుంది, పక్క బెంచీలో వాడు ఇంకా ఆరో తరగతి పిల్లాడిలాగే ఉంటాడు. ఇద్దరికీ వయసు ఒకటే, రాసేది అండర్–17 ఫారమే. ముందు పెరిగినవాడు ఈ ఏడు గెలుస్తాడు, అందులో వింత లేదు. రెండేళ్ళ తర్వాత ఆ రెండోవాడు నాలుగంగుళాలు పెరిగాక ఏం చేస్తాడన్నది ఈరోజు కప్పు చెప్పదు. జనవరిలో పుట్టిన పిల్లకీ డిసెంబర్‌లో పుట్టిన పిల్లకీ ఒకే వయసు గ్రూపులో దాదాపు ఏడాది తేడా ఉంటుంది. ఆ వయసులో ఏడాదంటే చాలా ఎక్కువ.

దీనికి మంచి ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. విశాఖపట్నం పోర్ట్ హైస్కూల్లో చదువుకున్న యర్రాజి జ్యోతిని హర్డిల్స్ వైపు పంపింది స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆయన చూసింది ఆమె పొడవు, ఆమె గెంతే తీరు. తర్వాత హైదరాబాద్‌లో కోచ్ ఎన్. రమేశ్ దగ్గర శిక్షణ. 2023లోనూ, 2025లోనూ ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా చాంపియన్. ఆ పి.ఈ.టి. మాస్టారు ఆ రోజు ఆమె కప్పులు లెక్కపెట్టి ఉంటే ఆ కథ వేరేగా ఉండేదేమో.

సాత్విక్ కథలోనూ అలాంటి చూపు ఒకటి ఉంది, దాని గురించి మన ఊళ్ళో ఎక్కువగా చెప్పుకోరు. సాత్విక్, చిరాగ్ ఇద్దరూ వెనక కోర్టులో నిలబడి స్మాష్ కొట్టడం ఇష్టపడే ఆటగాళ్ళు. డబుల్స్‌లో అలాంటి ఇద్దర్ని కలపరు, ఒకరు వెనక, ఒకరు నెట్ దగ్గర ఉండాలి. అప్పటి భారత డబుల్స్ కోచ్, మలేసియాకు చెందిన టాన్ కిమ్ హర్ వాళ్ళిద్దర్నీ జోడీ కట్టమన్నప్పుడు వాళ్ళకే నచ్చలేదు. కోచ్ మాత్రం ఇద్దరి పొడవూ, కొట్టే బలమూ చూసి పట్టుబట్టాడు. చిరాగ్ నెట్ ఆట నేర్చుకున్నాడు. తనకు తెలియని పనిని నేర్చుకోవడానికి ఒప్పుకునే గుణం ఉందే, అది ఏ స్కోరు బోర్డు మీదా కనపడదు. పిల్లల్లో నేను ముందు వెతికేది దాన్నే. క్లాసులో కూడా అంతే. వ్యాసం దిద్ది ఇస్తే ఎర్ర సిరా చూసి ముఖం ముడుచుకునేవాడు ఒకడు, "మేడమ్, ఇక్కడ ఎందుకు తప్పు?" అని వచ్చేవాడు ఇంకొకడు. గ్రౌండ్‌లో కోచ్ గ్రిప్ మార్చమంటే మొదటి నెల ఆట పాడవుతుంది. ఆ నెల ఓర్చుకునే పిల్లలు వేరు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. సాత్విక్ 2014లో హైదరాబాద్‌లోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరేనాటికి అతనికి పద్నాలుగేళ్ళు అటూ ఇటూ, సరిగ్గా మన తొమ్మిదో తరగతి పిల్లల ఈడు. మరి వాళ్ళు ఆ వయసులోనే నిర్ణయం తీసుకున్నారు కదా అనొచ్చు మీరు. తీసుకున్నారు. కానీ తీసుకున్నది ఎవరో చూడండి. వాళ్ళ నాన్నగారు కాశీ విశ్వనాథం గారు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు, రాష్ట్ర స్థాయిలో షటిల్ ఆడారు. 2025 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. కొడుకు ఆటను ఏళ్ళ తరబడి కోర్టు పక్కన నిలబడి చూసిన కన్ను అది. మనలో చాలామందికి ఆ కన్ను లేదు. అందుకే మనకు సమయం కావాలి, బయటి మనిషి సాయం కావాలి.

బయటి మనిషి అంటే ఫీజు తీసుకునే కోచ్ కాదు. అది చెడ్డ మాటగా అనడం లేదు, మంచి కోచ్‌లు మన రావులపాలెంలోనూ, రాజోలులోనూ ఉన్నారు. కానీ "మీవాడిలో టాలెంట్ ఉందండీ" అన్న మాటకి నెలనెలా ఫీజు ముడిపడి ఉన్నప్పుడు ఆ మాట బరువు కాస్త తగ్గించుకుని వినాలి. "ఆటలు మాన్పించి ఫౌండేషన్ బ్యాచ్‌లో వేయండి" అన్న మాటకి కూడా ఫీజు ముడిపడి ఉంటుంది, మాలాంటి స్కూళ్ళకీ ఇది వర్తిస్తుంది. ఆరు నెలలకోసారి, మీ పిల్లల్ని తన దగ్గర చేర్చుకునే అవసరం లేని ఒక కోచ్‌కి ఆట చూపించండి. కాకినాడలోనో రాజమండ్రిలోనో దొరుకుతారు. ఉందా లేదా అని అడగొద్దు. పోయినసారికీ ఈసారికీ ఏం మారింది, వచ్చే ఆరు నెలల్లో ఏం మారాలి అని మాత్రం అడిగి రాసుకోండి. అలాంటి నాలుగు కాగితాలు చేరేసరికి పిల్లాడు పది దాటి ఇంటర్‌లోకి వస్తాడు. అప్పుడు తీసుకునే నిర్ణయం ఆదివారం సాయంత్రం నిర్ణయంలా ఉండదు.

ఈలోగా ఒళ్ళు కాపాడాలి. సంక్రాంతికి ఊరూరా టోర్నమెంట్లు. బాగా బౌలింగ్ వేసే పదో తరగతి కుర్రాణ్ణి మూడు జట్లు పిలుస్తాయి, పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఇంకొకచోట. అందరికీ గర్వమే. అమెరికాలో పిచర్ల మోచేతులు చిన్న వయసులోనే దెబ్బతింటున్నాయని అక్కడి బేస్‌బాల్ సంస్థలు 2014లో 'పిచ్ స్మార్ట్' పేరుతో లెక్కలు పెట్టాయి. 15–16 ఏళ్ళవాడు ఒక రోజులో 95 బంతులు మించి వేయకూడదు. 76 బంతులు వేసినా, ఆ తర్వాత నాలుగు రోజులు చేతికి విశ్రాంతి. బేస్‌బాల్ చేయి వేరు, క్రికెట్ చేయి వేరు, అంకెలు ఉన్నవున్నట్టు తెచ్చిపెట్టలేం. లెక్కపెట్టడం మాత్రం తెచ్చుకోవచ్చు. సాత్విక్ అంతటివాడే 2024 ఏప్రిల్‌లో భుజం గాయంతో ఆసియా చాంపియన్‌షిప్స్‌కు దూరమయ్యాడు, అతని వెనక ఫిజియోలు ఉన్నా కూడా. మన పిల్లల వెనక ఉన్నది జండూ బామ్. భుజం నొప్పి అంటే "ఆడితే పోతుందిలే" అనకండి, రెండు వారాలు దాటితే ఎముకల డాక్టర్‌కు చూపించండి.

ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్న చోటికి వద్దాం: కాలేజీ సీటు. స్పోర్ట్స్ కోటా అన్న మాట మన దగ్గర మంత్రంలా వాడతారు. మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ అడ్మిషన్లలో ఆ కోటా అర శాతం. అంటే 200 సీట్లకు ఒకటి. ఆ ఒక్క సీటుకు సర్టిఫికెట్లను స్థాయిని బట్టి వరసపెడతారు. అంతర్జాతీయ, జాతీయ స్థాయి వాళ్ళు ముందు నిలబడతారు. జిల్లా కప్పుతో ఆ వరసలో ఎక్కడ ఉంటామో మీరే ఊహించుకోవచ్చు. ఐఐటీ మద్రాస్ 2024–25 నుంచి ఆటగాళ్ళకు ప్రత్యేక ప్రవేశాలు మొదలుపెట్టింది. ఒక్కో బ్రాంచిలో అదనంగా రెండు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకు. దానికి గత నాలుగేళ్ళలో జాతీయ లేదా అంతర్జాతీయ స్థాయిలో పతకం ఉండాలి, జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో కూడా అర్హత సాధించి ఉండాలి. రెండూ ఉండాలి. ఆట చదువుకు బదులు అనుకునేవాళ్ళకూ, చదువుకు ఆట అడ్డం అనుకునేవాళ్ళకూ ఆ నిబంధన ఒకేసారి జవాబు చెబుతోంది.

కాబట్టి ఒక సీటు కోసం ఆట ఉంచమని నేను చెప్పను, ఆ లెక్కలో చాలామంది ఓడిపోతారు. ఆట ఉన్నా డిగ్రీ ఆగదని మాత్రం చెప్పగలను. విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ కె.ఎల్. యూనివర్సిటీలో బీటెక్ చేసింది. పి.వి. సింధు హైదరాబాద్ మెహదీపట్నంలోని సెయింట్ ఆన్స్ కాలేజీలో చదువుకుంది. కాలేజీ వెతికేటప్పుడు ప్లేస్‌మెంట్ల బోర్డు చూసినట్టే, అక్కడ గ్రౌండ్ ఉందా, యూనివర్సిటీ జట్టుకు పంపుతారా, టోర్నమెంటుకు వెళ్తే అటెండెన్స్ ఇస్తారా అని అడగండి. ఆ మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పని కాలేజీ బ్రోషర్‌లో స్విమ్మింగ్ పూల్ ఫొటో ఉన్నా నమ్మకండి.

వయసు గురించి కూడా చెప్పక తప్పదు. పుట్టినతేదీ ఒకటి రెండేళ్ళు వెనక్కి జరిపితే చిన్న గ్రూపులో గెలవొచ్చన్న సలహా ఇచ్చేవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. క్రికెట్ బోర్డు చిన్నపిల్లల జట్లకు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తుంది. అక్కడ దొరికితే పిల్లాడి మీద పడే మచ్చ టెన్త్ సర్టిఫికెట్ దాకా వస్తుంది. దొరక్కపోయినా, తనకంటే చిన్నవాళ్ళ మీద గెలిచి గెలిచి, ఒకరోజు తన ఈడువాళ్ళ ఎదుట నిలబడినప్పుడు ఏం చేయాలో తెలియని కుర్రాడు తయారవుతాడు.

ఇంతసేపూ "కుర్రాడు" అనే రాస్తున్నానని గమనించే ఉంటారు. కారణం ఉంది. నన్ను ఆ ప్రశ్న అడిగే తల్లిదండ్రుల్లో అమ్మాయిల వాళ్ళు చాలా తక్కువ. వాళ్ళ ఇళ్ళలో ఆ నిర్ణయం ఎనిమిదో తరగతికి ముందే, ఎవరినీ అడగకుండానే అయిపోతోంది. చీకటి పడితే ఎవరు తీసుకొస్తారు, ఎండకు నల్లబడుతుంది, టోర్నమెంటుకు తోడు ఎవరు వెళ్తారు. ఇందులో మొదటిదీ మూడోదీ నిజమైన ఇబ్బందులే. వాటికి బస్సు టైము మార్చడం, లేడీ టీచర్ని తోడు పంపడం లాంటి జవాబులు స్కూలు వైపు నుంచి రావాలి. స్టాఫ్ మీటింగ్‌లో ఈ మాట అన్నాను, ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు, కోపం మాత్రం ఉంది.

గేమ్స్ పీరియడ్‌ని పరీక్షల పేరుతో స్టడీ అవర్‌గా మార్చొద్దని అడిగే హక్కు ఫీజు కట్టే మీకు ఉంది. ఇప్పటిదాకా సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగిన తల్లిదండ్రులు నాకు వందలమంది తగిలారు. ఈ నెల గేమ్స్ పీరియడ్లు ఎన్ని జరిగాయని అడిగినవాళ్ళు ఇద్దరు. మా పి.ఈ.టి. సార్ దగ్గర ప్రతి సెక్షన్‌కీ ఒక రిజిస్టర్ ఉంటుంది, ఎవరు ఏ ఆట ఆడుతున్నారు, ఎవరికి ఎక్కడ నొప్పి ఉంది అన్నీ అందులో రాసి ఉంటాయి. గ్రౌండ్ పక్కన గదిలో, మధ్యాహ్నం మూడున్నర తర్వాత ఆయన ఉంటారు.